దండకు తగిన మెడ

ఆగస్టు 3, 2011. జనగామ

మెడ ఎడమపక్క గడ్డకు ఈరోజు నామకరణం జరిగింది. టీబీ. ఊపిరితిత్తుల్లో లేదు, లింఫ్ నోడ్‌లోనే, ఎవరికీ అంటదు అని డాక్టరమ్మ చెప్పింది. ఆరు నెలలు, వారానికి మూడుసార్లు దవాఖానలోనే మందు మింగాలి. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ. పరీక్షలో ఈ ప్రశ్నను ఛాయిస్‌లో వదిలేశాను. ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

సెప్టెంబర్ 14

ఉసిరికాయంత ఉన్నది నిమ్మకాయంత అయింది. ఎర్రగా ఉంది, సలుపుతోంది. ఏడుపుముఖంతో వెళ్తే డాక్టరమ్మ నవ్వింది. క్రిములు సస్తున్నయి, ఆ ముక్కలను చూసి నీ ఇమ్యూనిటీ ఇప్పుడు లేచి కొడుతుంది, గందుకే వాపు, కొన్ని వారాలల్ల దిగుతది, మందు మాత్రం ఆపకు అంది. శత్రువు బతికున్నంతకాలం పడుకుని, శవాల మీద యుద్ధం ప్రకటించింది నా వీరసైన్యం.

మా కిరాణా దుకాణంలో బాపుకు వివరించాను. తగ్గనీకి మందు తింటరా, పెరగనీకి తింటరా అన్నాడు. రఘునాథపల్లి భాగ్యమ్మతో పసరు కట్టించుకోమన్నాడు. ఇమ్యూనిటీ మీద ఉపన్యాసమిచ్చాను. ఉప్పుకోసం వచ్చిన అవ్వ ఒక్కతే శ్రద్ధగా వింది. నా మెడ చూసి ఉప్పు కొనకుండానే పోయింది.

సెప్టెంబర్ 21

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. చౌరస్తా టెంటులో రిలే దీక్షకు ఇవాళ నా వంతు. పొద్దున దండలు వేసి కూర్చోబెడతారు, సాయంత్రం నిమ్మరసం తాగించి లేపుతారు. మా లీడర్ రాకేష్ అన్న అందరికీ దండలు వేసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, దండ చేతికిచ్చాడు. సాయంత్రం అందరికీ స్టీలు గ్లాసు, నాకు ప్లాస్టిక్‌ది.

అన్న పక్కకు పిలిచి, తమ్మీ, పోరగాళ్లు పరేషాన్ అయితున్నరు, మెడ సాపు చేసుకొని రా, ముందు వరుసల కూసోబెడుత అన్నాడు. ఇది అంటదన్నా అన్నాను. నాకెరుకే, మందికి ఎరుకనా అన్నాడు.

సెప్టెంబర్ 22

మనమంతా ఒక్క తల్లి పిల్లలమని మైకు పొద్దుటినుంచీ అరుస్తోంది.

సెప్టెంబర్ 25. రఘునాథపల్లి

ఈ శాస్త్రజ్ఞుడు, బాపు నడిపే స్కూటర్ వెనక కూర్చుని, భాగ్యమ్మ ఇంటికి విచ్చేశాడు. ఆకుపసరు, పైన సున్నం, గుడ్డకట్టు. ఇంగ్లీషు మందు బంజెయ్యాలె, రెండు మందులు ఒక్క ఒంట్ల కొట్లాడుతయి అంది. ఆ ఒంట్లో కొట్లాట కొత్త కాదన్నాను. ఆమె నవ్వలేదు. మందు ఆపితే ఏమవుతుందో మా ముగ్గురిలో నాకొక్కడికే తెలుసు. తలూపాను. నాకు ముందు వరుస కావాలి.

సెప్టెంబర్ 28

మందుకు ఎందుకు రాలేదని డాక్టరమ్మ ఫోన్. బస్సులు బందని చెప్పాను. మా ఇంటి డాబా ఎక్కితే దవాఖాన కనిపిస్తుంది.

అక్టోబర్ 12

గడ్డ దిగింది. డాక్టరమ్మ చెప్పినట్టే. పేరు మాత్రం భాగ్యమ్మకు. బాపు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ నా మెడ చూపిస్తున్నాడు.

అక్టోబర్ 17

ముందు వరుస. రాకేష్ అన్న స్వయంగా మెడలో దండ వేశాడు. సాయంత్రం స్టీలు గ్లాసు తన చేత్తో నోటికి పట్టాడు. సూడుర్రి, మనోడు గెలిచిండు అన్నాడు. చప్పట్లు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా.

అక్టోబర్ 17, సాయంత్రం 7

ఇంటికొచ్చి దండ తీస్తుంటే వేలికి తగిలింది. మెడకు కుడిపక్క. శనగగింజంత. నొప్పి లేదు.

దండ మళ్లీ వేసుకున్నాను.