వెనక పడిన గిన్నె

జూన్ 4, మధ్యాహ్నం

అమ్మాయికి పైలట్ సిమ్యులేటర్ పరీక్ష దగ్గరపడింది. కాక్‌పిట్ పటాన్ని మళ్ళీ గోడకు అతికించింది. కళ్ళకు గంతలు కట్టుకుని, కాగితం మీది స్విచ్‌లను వేలితో తడుముతూ సాధన చేస్తుంది. పొగ కమ్మితే కళ్ళు పనిచేయవు కదా. ముందు ఆక్సిజన్ మాస్క్, ఆ తరువాతే మాట. చెక్‌లిస్ట్ చదివి వినిపించడం నా ఉద్యోగం. అందులో ఒక్క వాక్యానికీ క్రియ లేదు. రాసినవాడిని ఒక ఏడాది నా వ్యాకరణం తరగతిలో కూర్చోబెట్టాలి.

నా రెండో ఉద్యోగం, ఆమె వెనక స్టీలు గిన్నెలు పడేయడం. విమానం నడుపుతున్నవారు వెనక ఏం జరిగినా తల తిప్పకూడదట. తిప్పితే పాఠం మళ్ళీ మొదటికి. ఇవాళ గిన్నెలు చాలక, పాము అని కూడా అరిచాను. తిప్పలేదు. మా ఆవిడ మాత్రం పరుగెత్తుకొచ్చి, సొట్ట లేని గిన్నె ఒక్కటైనా మిగలనివ్వరా అని ఇద్దరినీ దులిపేసింది.

జూన్ 11

పాసయింది. ఇంత మొండి మెడ ఎవరిచ్చారమ్మా నీకు అని పరీక్ష పెట్టిన కెప్టెన్ అడిగారట. మా నాన్న, గిన్నెలతో నేర్పారు అన్నదట. ఇక మీదట ఆయనతోనే ఎగురుతుంది. సొంత డబ్బా కొట్టుకోకూడదు గానీ, గర్వంగా ఉంది.

ఆగస్టు 19

అమ్మాయి క్షేమం. ఇంతకు మించి రాయలేను.

ఆగస్టు 21, ఉదయం

పత్రికలో ‘విమానం అత్యవసరంగా దింపబడింది’ అని రాశారు. ఎవరు దింపారో చెప్పడానికి నోరు రాలేదు కాబోలు. దిద్దుదామని పెన్ను తీశాను. కింద శ్రద్ధాంజలి అని కెప్టెన్ ఫొటో కనిపించింది. పెన్నుకు మూత పెట్టేశాను.

అమ్మాయి చెప్పింది ఇంతే. వైర్లు కాలిన వాసన, వెంటనే పొగ. ఇద్దరూ మాస్కులు పెట్టుకున్నారు. మంట వెనక ప్యానెల్‌లో ఉంది. మాస్క్ గొట్టం అక్కడిదాకా అందదు. పొగ సోకకుండా తలకు తొడుక్కునే హుడ్ తీస్తుంటేనే చిరిగిపోయింది. నువ్వు నడుపమ్మా, ఇటు చూడకు అని కెప్టెన్ మాస్క్ తీసి, మంటలార్పే సిలిండర్ పట్టుకుని లేచారు. మంట ఆరింది. కాసేపటికి వెనక ఏదో పడింది. అమ్మాయి తల తిప్పలేదు. విమానం దించింది. ప్రయాణికులందరూ బతికారు.

ఆ చప్పుడు ఎలా ఉందో తెలుసా నాన్నా, అచ్చం మన గిన్నె పడ్డట్టే ఉంది అన్నది.

సెప్టెంబరు 2

పిలిస్తే పలుకుతుంది. తల తిప్పదు. భోజనాల బల్ల దగ్గరా ఎదుటి గోడనే చూస్తుంది. కొన్నాళ్ళు పడుతుందని డాక్టరు అన్నారు. ఎన్నాళ్ళని అడిగాను. ఆయన నిర్దిష్టంగా మాట్లాడే మనిషి కాదు.

సెప్టెంబరు 15, సాయంత్రం

కెప్టెన్ భార్య వచ్చారు. ఒక్కసారైనా వెనక్కి చూశావా అని అడిగారు. లేదు ఆంటీ అన్నది అమ్మాయి. మా అమ్మాయి నియమం ప్రకారమే అని నేను అందుకోబోతే, మా ఆవిడ నా చేయి నొక్కింది. నువ్వు చూసుంటే అంతమందీ పోయేవాళ్ళు, నాకు తెలుసు, అయినా నీ మీద కోపం పోవట్లేదు, కొన్నాళ్ళు నా కంటపడకు అన్నారావిడ. వెళ్తూ గుమ్మంలో ఆగి, అన్నం సరిగ్గా తింటున్నావా అని అడిగారు.

తింటున్నానని అమ్మాయి గోడకు చెప్పింది.

సెప్టెంబరు 16

గోడ మీది కాక్‌పిట్ పటం తీసేయబోయాను. ఉండనీ నాన్నా అన్నది.

అక్టోబరు 9

వంటింట్లో నా చేతిలోంచి గిన్నె జారింది. ఈసారి నిజంగానే జారింది.

అమ్మాయి తల తిప్పింది. పరుగెత్తుకొచ్చి, నా భుజాలు పట్టుకుని, కెప్టెన్ అని పిలిచింది.

పలికాను.