ప్రభు బల్ల గురించి అయ్యగారికి

మెల్‌బోర్న్
10 మార్చి 1992

అయ్యగారికి వందనాలు.

ఫోను చేస్తే తీరిక లేదన్నారు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఇరవై మూడేళ్ళు కొడుకుగా పెంచిన నా బిడ్డ ఇప్పుడు ఎస్తేరు. ఆస్పత్రిలో ఉంది. క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక వారాలేనని డాక్టర్లు చెప్పారు.

గత జూన్ రెండో తేదీ, ఇక్కడి మన తెలుగు చర్చిలో ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం, తను మొదటిసారి చీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు నా పక్కన కూర్చుంది. సంఘ పెద్ద ఆనందబాబుగారు రొట్టె పళ్ళెం తెచ్చి, "ఏవయ్యా అబ్బాయ్, ఇది లేడీస్ సైడు, అటెళ్ళు" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. తను కదల్లేదు. పళ్ళెం తనను దాటి నా దగ్గరకు వచ్చింది. నేను రొట్టె తీసుకున్నాను. మీరు బల్ల దగ్గర నుంచి చూస్తూనే పాట కొనసాగించారు. ఆ తరువాత తను చర్చికి రాలేదు.

ఐదేళ్ళ కిందట ఇదే ఆస్పత్రిలో తను ఆ పేరు చెబితే నవ్వారు. ఈసారి నర్సులే పడక దగ్గర బోర్డు మీద ఎస్తేరు అని రాశారు. ఈ ఆస్పత్రిలో పాస్టరుగా పనిచేసే ఆవిడ సంస్కారం ఇస్తానంది కూడా. తనే ఒప్పుకోలేదు. "నో మమ్మీ, నాకు బాప్టిజం ఇచ్చింది అయ్యగారేగా. ఆయనే ఎస్తేరూ అని పిలిచి ఇవ్వాలి" అంటోంది.

వచ్చే గురువారం రెండు నుంచి నాలుగు వరకు చూడనిస్తారు. మూడో అంతస్తు, పదకొండో పడక. స్టేషను నుంచి మావారు కారులో తీసుకొస్తారు.

నాలుగు దాటితే రొట్టె నేనే విరిచి తన నోట్లో పెడతాను. నాకు ఆ అధికారం లేదని తెలుసు. ఆ ఆదివారం నా చేతిలో ముక్కలో సగం తనకు ఇవ్వవలసింది. ఇవ్వలేదు.

మీ సంఘ సభ్యురాలు