స్విచ్ మీద నల్ల టేపు

నవంబర్ 3, 2024, ఆదివారం

మా రూమ్‌వాళ్లు మాట తప్పారు. ముందు ఇది రాసుకోవాలి, మిగతాది తర్వాత.

దుబాయ్ అల్ కుసైస్‌లో ఆ రూమ్‌లో కిందటి నెల దాకా నాలుగేళ్లు ఉన్నాను. ఆరు మంచాలు. కరీంనగర్ అనీష్ తప్ప అందరం సీమవాళ్లం. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ఇంటివాళ్లు విజిట్ వీసా మీద వచ్చినా మిగతా అందరం రూమ్ ఖాళీ చేసి ఇవ్వాలి. మేం ఎక్కడ పడుకుంటాం అన్నది మా తిప్పలు. జూలైలో మౌలా సాహెబ్ భార్యాపిల్లలు వస్తే నేను హయాత్ మామ డెలివరీ వ్యాన్‌లో పడుకున్నా. జూలైలో, వ్యాన్‌లో. ఏసీ ఆపితే ఉడికిపోతాం, వేస్తే మామ డీజిల్ కోసం ఏడుస్తాడు. అయినా నోరెత్తలేదు. నా వంతు రాకపోతుందా అనుకున్నా. ఉద్యోగం మారి రూమ్ వదిలి పోయినవాడికి కూడా ఒక విజిట్ బాకీ ఉంటుంది. ఆ రూల్ పెట్టింది హయాత్ బాషా మామే. రూమ్ ఆయన పేరు మీద ఉంది. మాదీ ఆయనదీ ఒకే ఊరు, రాయచోటి.

ఫైజా, అమ్మీ 21న వస్తున్నారు. పెళ్లయ్యాక ఫైజా దగ్గర నేను ఉన్నది ఒక్క సెలవు. వీసా వచ్చింది, టికెట్లు కొన్నాను. ఈ రోజు మామకు ఫోన్ చేస్తే, ఈసారి కుదరదు రా జమీరూ, ఏమనుకోవాకు అన్నాడు. ఎందుకు మామా అంటే, కుదరదంటే కుదరదు ల్యా, ఇంగ నన్ను గెలకొద్దు అని పెట్టేశాడు.

నాకు మంచి ఉద్యోగం వచ్చిందని కడుపుమంట. చేరేటప్పుడు కూడా అంతే. ఆ ఫ్యాక్టరీకి పోవాకు అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

నవంబర్ 5, మంగళవారం, డ్యూటీ దిగాక

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్. పేరు వింటే పూలతోట అనుకుంటారు. అమ్మీ అలాగే అనుకుంటోంది. ఉన్నవి ఫ్యాక్టరీలు, లారీలు, లేబర్ క్యాంపులు.

నా మెషిన్ పెరుగు డబ్బాల మూతలు చేస్తుంది. అచ్చు అంటే రెండు ఇనప దిమ్మలు. మూసుకుంటాయి, లోపలికి వేడి ప్లాస్టిక్ దూరుతుంది, తెరుచుకుంటాయి, మూతలు రాలతాయి. ఒక్కోసారి మూత అచ్చుకే అతుక్కుంటుంది. అప్పుడు డోర్ తెరిచి చేత్తో పీకాలి. డోర్ తెరిచి ఉన్నంతసేపు అచ్చు కదలకూడదు. దానికోసం డోర్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్‌ను నొక్కిపెట్టి నల్ల టేపు చుట్టేశారు. ఇక డోర్ తెరిచినా, మూసే ఉందని మెషిన్ అనుకుంటుంది. ఆగదు.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పాత కంపెనీలో చీపురు పట్టుకుని ఆపరేటర్ల వెనక నిలబడి నేర్చుకున్నా. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నా. ట్రయల్ పాసయ్యా. ఆరు నెలలు ప్రొబేషన్. ఈ లోపల ఏ రోజైనా ఖలాస్ అనగలరు.

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ సుజిత్ సార్‌ది విజయవాడ. మనవాడే కదా అని టేపు సంగతి అడిగా. నవ్వాడు. డోర్ తీసిన ప్రతిసారీ మెషిన్ ఆగి కూర్చుంటే టార్గెట్ ఎవడిస్తాడు తమ్ముడూ, మీ నాన్నా? అచ్చు తెరుచుకోగానే పెట్టు, మూసుకునేలోపు తియ్, అలవాటైపోద్దిలే అన్నాడు.

క్యాంపులో నాకు ఇచ్చిన మంచం నూర్ మొహమ్మద్‌ది. ప్లైవుడ్ మీద పెన్నుతో నూర్ అని రాసి ఉంది. హయాత్ మామ అక్క కొడుకు. ఆదివారాలు మా రూమ్‌కు బిర్యానీకి వచ్చేవాడు, ఎముకలు కూడా వదిలేవాడు కాదు. ఈ ఫ్యాక్టరీలో జీతం బాగుందని నాకు మొదట చెప్పింది వాడే. అక్టోబర్ నుంచి రావడం మానేశాడు, ఫోన్ స్విచ్చాఫ్. అదే నెలలో ఆపరేటర్ కావాలని ఆన్‌లైన్‌లో ప్రకటన పడితే నేను అప్లై చేశా. ఇక్కడ నూర్ ఏడని అడిగితే ఇండియా పోయాడు అన్నారు. చెప్పిన మనిషి నా మొహం చూడలేదు.

నవంబర్ 7, గురువారం

ఈ రోజు కూడా రెండు చేతులూ ఉన్నాయి.

నవంబర్ 9, శనివారం

ఫైజా వీడియో కాల్‌లో సూట్‌కేస్ చూపించింది. నాలుగు జతల బట్టలు, మిగతా అంతా ఊరగాయ, మాంసం వడియాలు. రూమ్ ఎట్లుంటది అని అడిగింది. బాగుంటది అన్నాను. కిటికీ ఉందా అంది. ఉంది అన్నాను.

ఏ రూమ్? నాకే తెలియదు. హోటల్ అంటే నెలంతటికీ డబ్బు ఎక్కడ తేవాలి? క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరు.

రేపు కుసైస్ పోతున్నా. బిర్యానీకి వాడే పెద్ద కుక్కర్ నా డబ్బుతో కొన్నది. తెచ్చేసుకుంటా. నా ఇంటివాళ్లకు చోటు ఇవ్వనివాళ్లు నా కుక్కర్‌లో ఎందుకు వండుకోవాలి? తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. ఫోన్ చెయ్యను. నేరుగా పోతా.

నవంబర్ 10, ఆదివారం

వరసగా రాయాలి.

మెట్రోలో యూనియన్ స్టేషన్ దాకా పోయి లైన్ మారి కుసైస్‌లో దిగా. పదకొండు గంటలకు రూమ్‌లో ఎవరూ ఉండరు, సామాన్లకు పోతారు. తాళం తీశాను. లోపల లైట్ లేదు. ఏదో వాసన. ఫ్రిజ్‌లో మాంసం చెడిపోయిందేమో అనుకున్నా. కుక్కర్ తీసి చంకలో పెట్టుకున్నా. అప్పుడు నా పాత మంచం మీద దుప్పటి కదిలింది.

నూర్.

ఇండియా పోలేదు. నా మంచం మీద ఉన్నాడు. గడ్డం మాసిపోయి, ఒళ్లు కాలిపోతోంది. నన్ను చూసి గోడకు అతుక్కున్నాడు. నేను జమీర్‌ను అంటే కూడా నమ్మలేదు, నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని వాకిలి వంక చూస్తూనే ఉన్నాడు. కుడి చేతికి పాత కట్టు, పసుపుపచ్చగా. బొటనవేలు, చిటికెన వేలు బయటికి కనిపిస్తున్నాయి. మధ్యలో ఏమీ లేదు.

ఏ మెషిన్‌రా అని అడిగా. అడగకుండానే నాకు తెలుసు.

మూత అతుక్కునింది, చెయ్యి పెట్టినా, మూసుకునింది అన్నాడు. సౌండ్ కూడా రాలేదన్నా, ఇంగో మూత అయినట్టే అయింది అన్నాడు.

ఏదో క్లినిక్‌లో కుట్లు వేయించి, ఫ్యాక్టరీ ఆఫీసు వెనక ఒక గదిలో పెట్టారట. నా తప్పు వల్లే జరిగింది అని కాగితం మీద వేలిముద్ర వెయ్యి, అప్పుడే పాస్‌పోర్ట్, పైసలు అన్నారట. వెయ్యనన్నాడు. బయట ఎవరికైనా చెప్తే ఏమీ రాదని బెదిరించారట. నేను రూమ్ వదిలాక ఒక రోజు కూరగాయల లారీ ఎక్కి ఇక్కడికి వచ్చేశాడు. పారిపోయాడని కంపెనీ కేసు పెట్టింది. హాస్పిటల్‌కు పోతే ఐడీ నంబర్ కంప్యూటర్‌లో కొట్టగానే దొరికిపోతానని భయం. మామ ఫార్మసీ నుంచి మాత్రలు తెచ్చి వేస్తున్నాడు.

అంతలో మామ, అనీష్ వచ్చారు. సంచులు కింద పడేసి మామ నా కాలర్ పట్టుకున్నాడు. ఎవురికి చెప్పినావు, ఎవుర్ని తెచ్చినావు అని. అనీష్ నా చంకలో కుక్కర్ చూసి, కుక్కర్ కోసం వచ్చినవా అన్నా, ఇది తీస్కపోతే మేం ఏం తినాలె, నీ కోపం తినాల్నా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

వద్దన్నప్పుడు కారణం చెప్పి ఉంటే నేను ఆ ఫ్యాక్టరీలో చేరేవాడినే కాదు మామా అన్నాను. ఫ్యాక్టరీవాళ్లు అప్పుడే ఫోన్ చేసి, వాని లెక్క తేలేదాకా నోరు మూసుకోమన్నారు, మూసుకున్నా అన్నాడు. నీవు పోయి వాని మంచంలోనే పండుకుంటావని నాకేం తెలుసు ల్యా. ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, డీజిల్ కోసం తప్ప.

కుక్కర్ అక్కడే పెట్టి వచ్చా.

నవంబర్ 12, మంగళవారం

నిన్న ఒక మూత అతుక్కుంది. చెయ్యి పెట్టలేకపోయా. చెక్కముక్కతో పొడిచి తీశా. అచ్చు మీద గీత పడితే నీ ఏడాది జీతం పోద్ది అన్నాడు సుజిత్ సార్. చెయ్యి పోతే ఎంత సార్ అని నోటి దాకా వచ్చింది. ఇంటివాళ్లు వచ్చి పోయేదాకా ఈ ఉద్యోగం ఉండాలి.

ఈ రోజు రెండు అతుక్కున్నాయి. చేత్తోనే తీశా.

నవంబర్ 17, ఆదివారం

రూమ్‌లో మాట్లాడుకున్నాం. నూర్‌ను ఒక నెల వేరే చోట పెట్టండి అన్నాను. అవును, నేనే అన్నా. నూర్ అక్కడే ఉండి విన్నాడు, సరే అన్నా, ఖోర్ ఫక్కాన్ ఊర్లో తెలిసినవాడు ఉన్నాడు, పోతా అన్నాడు. మంచం మీద నుంచి లేచి నిలబడలేకపోయాడు.

చివరికి మిగతావాళ్లు ఖాళీ చేసేటట్టు, నూర్ మంచం చుట్టూ దుప్పటి కట్టేటట్టు ఖాయం చేశారు. జ్వరం అని చెప్పాలి. చెయ్యి అమ్మీ కంట పడకూడదు.

పోలీసు బండి కింద ఆగితే అందరం మాటలు ఆపేశాం. ఎదురు బిల్డింగ్‌లో ఎవరో పార్కింగ్ గొడవ.

నవంబర్ 21, గురువారం

వచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో ఫైజా నా చెయ్యి పట్టుకుంది. కాలిన మచ్చలు చూసి, ఇవేంది అంది. వంట అన్నాను. నీకు వంట రాదు కదా అంది.

హయాత్ మామ వ్యాన్‌లో తెచ్చాడు. రూమ్ కడిగి, అగరొత్తులు వెలిగించి ఉంచారు. మా అబద్ధం ఒక్క గంట కూడా నిలవలేదు. అమ్మీ బురఖా తీయకుండానే, ఏందిరా ఈ వాసన అని నేరుగా పోయి దుప్పటి లాగేసింది. నూర్ చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఎవరి పిల్లోడివి నాయనా అంది. షహర్బాను కొడుకును అన్నాడు. రాయచోటిలో షహర్బాను, మా అమ్మీ ఒకే కంపెనీకి బీడీలు చుట్టారు. అమ్మీ వాడి చెయ్యి ముందుకు లాగి చూసింది.

తర్వాత మా మీద పడింది. నేను దుబాయ్ బిల్డింగులు చూడనీకి వచ్చినాననుకున్నారా? పిల్లోని చెయ్యి కుళ్లిపోతా ఉంటే దుప్పటి కట్టి, అగరొత్తులు ఎలిగిస్తారా? మీరు మగోళ్లేనా? హయాత్ మామను కూడా వదల్లేదు. ఆయన తల దించుకుని అక్కా, పట్టుకుంటారక్కా అన్నాడు. పట్టుకోనీ, జైల్లో అయినా డాక్టరు ఉంటాడు కదా అంది.

నవంబర్ 22, శుక్రవారం

సెలవు అడుక్కుని తీసుకున్నా. ప్రభుత్వ ఆస్పత్రి ఎమర్జెన్సీ. అమ్మీ నూర్ ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుంది, వదల్లేదు. ఎవరూ ముందు ఐడీ అడగలేదు. చెయ్యి చూడగానే లోపలికి తీసుకుపోయారు. ఇంకా ఆలస్యం అయి ఉంటే మణికట్టు దాకా పోయేదట. కాపాడటానికి చూస్తామన్నారు.

తర్వాత ఎలా జరిగింది అని అడిగారు. నూర్ నా వంక చూశాడు. నా మెషిన్, నా కంపెనీ, నా ప్రొబేషన్. ఫైజా కూడా చూసింది. తనకు అప్పుడే అర్థమైంది, వంట కాదని.

చెప్పాను. ఫ్యాక్టరీ పేరు, టేపు, అన్నీ. ఆ టేపు ఇంకా ఉందా అన్నారు. ఉంది, ఇప్పుడు ఆ మెషిన్ మీద నేనే ఉన్నా అన్నాను. నా పేరు, నంబర్ రాసుకున్నారు. పోలీసులు మాట్లాడతారట.



నవంబర్ 23, శనివారం

ఉదయం టేపు పీకేశా. డోర్ తీస్తే అచ్చు ఆగింది. మొదటిసారి ఊపిరి పీల్చుకుని చెయ్యి పెట్టా. పది గంటలకల్లా మూతల లెక్క సగానికి పడిపోయింది. పక్క మెషిన్లవాళ్లే తిట్టారు, నీ వల్ల మాకు ఓవర్‌టైమ్ పోతుందని. మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చేసరికి కొత్త టేపు. ఈసారి మూడు చుట్లు.

సుజిత్ సార్ ఆఫీసులోకి పిలిచి టీ ఇప్పించాడు. టీ ఇచ్చాడంటేనే భయం వేసింది. ఆస్పత్రి సంగతి తెలిసిపోయింది. తమ్ముడూ, నీ ఇంటివాళ్లు వచ్చారంట కదా, హ్యాపీగా తిప్పు, కారు నేను ఇస్తా అన్నాడు. స్విచ్ ఎప్పుడూ బాగానే ఉంది, టేపు వేసుకుంది ఆ కుర్రోడే అని ఒక్క సంతకం పెట్టు, సోమవారం నీ ప్రొబేషన్ కన్ఫర్మ్ చేయిస్తా అన్నాడు. పెట్టకపోతే? అన్నాను. విజిట్ మీద వచ్చినవాళ్లతో పాటు నువ్వూ వెళ్తావు, అంతేగా అన్నాడు. నవ్వుతూనే.

నవంబర్ 24, ఆదివారం, మధ్యాహ్నం

అక్షరాలు వంకరగా పోతున్నాయి. ఎడమ చేత్తో రాస్తున్నా. కుడి చెయ్యి బాగానే ఉంది. ఫైజా రెండు చేతులతో పట్టుకుని నిద్రపోయింది. లాక్కుంటే లేస్తుంది.

సుజిత్ సార్‌కు పంపింది ఇది:

సంతకం పెట్టను. టేపు తియ్యండి, అన్ని మెషిన్లవీ. నూర్ పాస్‌పోర్ట్ ఆస్పత్రికి తెచ్చివ్వండి. పారిపోయాడన్న కేసు వెనక్కి తీసుకోండి. రేపు పొద్దున ఏడింటికి షిఫ్ట్. హయాత్ మామ ఆరింటికి వ్యాన్ తీస్తాడు. ఫ్యాక్టరీకి తిప్పాలా, లేబర్ ఆఫీసుకు తిప్పాలా అన్నది మీ జవాబును బట్టి. ఆరు లోపల చెప్పండి.