అరామి దండం

అత్తయ్యా, విల్యారికా ఊరెళ్ళే నా బస్సుకి వేళైంది, మిమ్మల్ని లేపలేదు. చీపా రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టాను. మీ తెరెరే చల్ల టీలోకి ఐసు ఉంది. అరామికి పాలు నీలం కప్పులోనే పొయ్యండి, వేరేదయితే ముట్టదు.

ఇవాళ పాపని ఆ ఆటిజం పిల్లల పెద్ద సెంటర్‌కి కాదు, మిర్తా టీచర్ గారింటికి తీసుకెళ్ళండి. మీ అబ్బాయీ నేనూ రాత్రి అదే అనుకున్నాం. మీకు కోపం వస్తుందని తెలుసు. సెంటర్ వాళ్ళు మిఠాయి చూపించి చూపించి దానికి దండం నేర్పారు. మీ ముందు చేతులు జోడించి దీవెన అడిగిన రోజు మీరు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కానీ నిన్న మీరు చర్చికి వెళ్ళాక, అది వంటింట్లో మిఠాయి డబ్బా ముందు నిలబడి అలాగే చేతులు జోడించింది.

మిర్తా గారూ అలవాట్లే నేర్పుతారు, కాకపోతే పాపతో నేల మీద కూర్చుని, దాని ఆటలోంచే. మొన్న నేను తీసుకెళ్ళినప్పుడు అరామి ఎవరూ అడక్కుండానే తను దాచుకునే సీసా మూతల్లో ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది. ఇంట్లో వాటిని మనల్ని తాకనివ్వదు కదా.

"కోడలు నా మాట ఎప్పుడు విన్నది గనక" అని పక్కింటావిడతో అనకండి. గోడ పల్చన, నాకు వినిపిస్తుంది.

నీల్దా

ఇంకో మాట. దండం కోసం కాచుక్కూర్చోకండి, దీవెన ఇచ్చెయ్యండి. ఇందాక నిద్రలో ఉన్న దాని తల మీద నేను చెయ్యి వేసి తీసేస్తే, నా చెయ్యి లాక్కుని మళ్ళీ అక్కడే పెట్టుకుంది.