నీళ్ళలో కరగని బిళ్ల

ప్రత్తిపాడు

చిరంజీవి జ్యోతిర్మయికి మామయ్య యలమంద దీవెనలు.

నేను ఫోన్లో మాట్లాడితే ఊరంతా వింటుంది, అందుకే ఈ ఉత్తరం. నాకు నడుం చుట్టూ తామర పట్టింది. బూజు జాతి జబ్బని డాక్టరు బిళ్లలిచ్చాడు. ఒకటి గ్లాసు నీళ్ళలో వేసి చూశా. కరగదే! అడుగున అల్లుడిలా కూర్చుంది. మందుల లాబులో పనిచేసేదానివి, నకిలీదేమో చెప్పు. తామర తగ్గేదాకా గడప తొక్కొద్దని మీ అత్తయ్య నా మంచం మిరప కల్లంలో వేయించింది. చలికి చస్తున్నా.

ఇట్లు,
కల్లం కాపలా మామయ్య

తా.క. మిరపకీ బూడిద తెగులు తగిలింది. అదీ బూజేనట. దానికీ నాకూ వియ్యం కుదిరింది.

*

హైదరాబాదు

మామయ్యకు నమస్కారాలు.

నకిలీ కాదు మామయ్యా. కొన్ని మందులకి నీళ్ళంటే పడదు, కొవ్వుతోనే చుట్టరికం. పరగడుపున వేస్తే ఒంటికి పట్టకుండానే బయటికి పోతాయి. నెయ్యి తోడైతే పడతాయి ఒంటికి. డాక్టరునీ ఓ మాట అడుగు. ఇలాంటి మందుల్ని దుమ్ముకంటే మెత్తగా చేసి ఒంటికి పట్టించడమే నా ఉద్యోగం.

నీ జ్యోతి

తా.క. నెయ్యి అన్నాను, డబ్బా అనలేదు.

*

ప్రత్తిపాడు

తల్లీ జ్యోతీ, చల్లగా ఉండు.

నీ ఉత్తరం చూపించగానే మీ అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని నెయ్యి డబ్బా చేతికిచ్చింది. మొదలుపెట్టాను. కానీ ఈ చలికి గడ్డకట్టి అడ్డం పడుతోంది. బిళ్లలు నూరినా అంతే. మీ మెత్తగా చేసే యంత్రం ఒక పూట అద్దెకిస్తారా?

మీ మామయ్య

తా.క. చీమలు పడుతున్నాయి. పర్వాలేదా?

*

హైదరాబాదు

మామయ్యా,

చీమలా! షుగరేమో, రేపే పరీక్ష చేయించుకో. బిళ్ల నూరొద్దు. వేడన్నంలో నెయ్యి వేసుకో, అడ్డం పడదు.

కంగారుతో,
జ్యోతి

తా.క. ఇంతకీ చీమలు ఎక్కడ పడుతున్నాయి?

*

ప్రత్తిపాడు

అమ్మా జ్యోతీ, అత్తయ్య కోటిరత్నం రాస్తోంది. నీ ఉత్తరం నేనే విప్పాను.

చీమల మాట చదివిన రోజే ఈయన్ని గుంటూరు లాక్కెళ్ళి పరీక్ష చేయించా. షుగరు లేదు. నిలదీస్తే అప్పుడు బయటపడ్డాడు. బిళ్లలన్నీ నూరి, నా నెయ్యిలో కలిపి, మందు కొట్టే పంపులో పోసి మిరపకి కొట్టాడట! చీమలు పట్టింది ఆ మొక్కలకి.

"నా దురద నేను గోక్కుంటానే, మిరప గోక్కోలేదుగా" అన్నాడు. తిట్టబోయి ఏడ్చాను.

తెగులు తగ్గలేదు. నెయ్యి గడ్డకట్టి పంపు పూడుకుపోయింది. డాక్టరు కొత్త బిళ్లలిస్తే నెయ్యన్నం మీద నా ఎదురుగానే మింగిస్తున్నా. గోకుడు తగ్గింది.

ఇట్లు,
అత్తయ్య

తా.క. తామర తగ్గినా మంచం కల్లంలోనే. ఆ శిక్ష ఇప్పుడు నా నెయ్యి తగలేసినందుకు. చలి అంటున్నాడని రెండో దుప్పటి మాత్రం ఇచ్చా.