రూతమ్మ అవ్వకు స్టాంపు లేదట

సోమవారం, రాత్రి

అక్క అర్జీని ఆత్మకూరు ఆఫీసు గుమాస్తా ఇవాళ తిప్పి పంపాడు. బావ పోయాక అక్క ఒక్కతే బట్టల షాపులో పనిచేస్తూ పాపను పెంచుతోంది. అలాంటి తల్లులకు పిల్లల్ని చూసుకునే ఖర్చు సర్కారు ఇస్తుందని తెలిసి, ఆ అర్జీ రాసింది నేనే.

"పాపను చూసుకునేది ఎవురు?" అన్నాడు గుమాస్తా.

"ఉదయగిరిలో మా రూతమ్మ అవ్వ" అంది అక్క.

"ఆమెకు సర్కారు గుర్తింపు స్టాంపు ఉండాదా? పిల్లల్ని సాకగలదని రుజువేంది?"

ఆ పథకం కరపత్రాల్లో చదివినవన్నీ అరిచేశాను. అక్క నన్ను బయటికి లాక్కొచ్చింది. "నువ్వు ఊరుకోరా. ముసలామె మీద పైసా ఇవ్వకుండా ఎన్నాళ్ళు వదిలేది? ఈ డబ్బు రాకపోతే పని మానుకుంటా" అంది.

అవ్వకు చెబితే నవ్వింది. "స్టాంపు లేకేంరా, మీ వీపుల మీద ఏసి పంపినా గదా."

చిన్నప్పుడు అవ్వ మా అందర్నీ సాకిన చర్చి వెనక గది గుర్తొచ్చింది. అమ్మలు కూలికి పోతూ తలా పిడికెడు బియ్యం అవ్వ కుండలో పోసేవాళ్ళు. సన్న బియ్యమూ లావు బియ్యమూ కలిసిన ఆ అన్నం సగం మెత్తగా, సగం పలుకుగా ఉడికేది. ఏ అమ్మ పోయలేకపోయిందో ఏనాడూ మాకు తెలియనివ్వలేదు.

ఇందాక పాపకు ముద్ద పెట్టి, అవ్వ గోడ పట్టుకుని లేచింది. ఇంకెన్నాళ్ళు...

ఆ గదిలో పెరిగినవాళ్ళకు, ఇప్పటి కండక్టరు నుంచి లైన్‌మన్ దాకా అందరికీ, ఫోన్లో పంపాను: అవ్వ చేతి ముద్ద తిన్నవాళ్ళంతా రేపు పొద్దున పది గంటలకు ఆత్మకూరు ఆఫీసు ముందుకు రండి. రుజువు అడిగారు.