అవుంగ్‌నెట్ లేచాడు

జానకీ, నువ్వు పోయి నేటికి నెల. మాసికాలు పెట్టే మనిషిని కాను కనుక, చదవవని తెలిసీ ఇది రాస్తున్నాను.

సైనికుల లారీ గుద్ది నీ కుక్క అవుంగ్‌నెట్‌కు తుంటి, వెన్ను కలిసే కీలు ఊడింది. మన పజుండౌంగ్ పేట పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తెరలో చూస్తూ, గోరంత గాటులోంచి ఒక్క స్క్రూ బిగించింది. కరోనాలో నీకు సైన్యం ఆక్సిజన్ అందనివ్వని ఊళ్ళో కుక్కకు ఇంత వైద్యమా అని అరిచాను.

"కుక్క మీద కుళ్ళేటి నాన్నా?" అంది మన అమ్మాయి.

కుళ్ళే. నేను పెట్టే గంజి వాడు ముట్టడు. నిన్న సాయంత్రం, గద్దె లాక్కున్న సైన్యం మీద కోపంతో వీధంతా గిన్నెలు మోగించింది. నేనూ మోగించాను. వాడు తొలిసారి లేచి, తూలుతూ నన్ను దాటి, నువ్వు గిన్నె కొట్టే కిటికీ దగ్గర తోక ఊపాడు. ఆత్మలు లేవని ఇన్నేళ్ళు వాదించినవాణ్ణి, వాడి పక్కన కూర్చుని అటే చూశాను. నాకేమీ కనిపించలేదు.